పక్కటెముకల మీద కారం

సర్పి లేచినప్పుడు అందరూ నన్ను బాగానే చూశారు. ఎడమ రొమ్ము కింద నుంచి వీపు దాకా నీటి పొక్కులు బెల్టు కట్టినట్టు వరసగా లేచాయి. చూసినవాళ్లంతా అయ్యో అన్నారు. మా బావగారైతే నయమయ్యేదాకా షాపు వైపు రావద్దని కబురు పంపారు. తర్వాత పొక్కులు మాడి, పొట్టు రాలి, చర్మం మామూలు రంగుకు వచ్చింది. పొట్టుతో పాటే అందరి జాలీ రాలిపోయింది. నొప్పి మాత్రం నన్ను వదల్లేదు.

కనపడని నొప్పితో ఉన్న చిక్కు ఏమిటంటే, దానికి మన నోరు తప్ప వేరే సాక్ష్యం లేదు. నాకు ఆ నోరు కాస్త ఎక్కువని పేరు. మా ఆయన నన్ను మొండిఘటం అంటాడు. అప్పుడప్పుడు ముద్దుగా, మిగతా అప్పుడు నిజంగానే.

మాది బట్టలు కుట్టే షాపు. మాది అంటే మా ఆయనకు అన్నగారైన బావగారిది. ఆస్పత్రులకు తెల్లకోట్లు, స్కూలు పిల్లలకు యూనిఫారాలు, హోటళ్లలో పనిచేసేవాళ్లకు చొక్కాలు కుడతాం. మా ఆయన ఇస్త్రీ బల్ల దగ్గర ఉంటాడు, నేను కటింగ్ బల్ల దగ్గర. పెళ్లయిన కొత్తలో కాజాలతో మొదలుపెట్టి, గుండీలూ కాలర్లూ దాటుకుని కత్తెర దాకా వచ్చాను. అది ఎవరూ పిలిచి నా చేతిలో పెట్టలేదు. పాత కటింగ్ మాస్టరు చెప్పాపెట్టకుండా మానేసిన రోజు బావగారు కొత్తవాడి కోసం ఫోన్లు తిప్పుతుంటే, నేను వెళ్లి గుడ్డ పరిచి కోయడం మొదలుపెట్టాను. ఆయన ఫోను పెట్టేసేసరికి ఒక కోటు ముక్కలన్నీ బల్ల మీద ఉన్నాయి. అప్పటి నుంచి ఆ బల్ల నాది.

కటింగ్ బల్ల వెడల్పుగా ఉంటుంది. గుడ్డను పొరలు పొరలుగా పరిచి మధ్యలో గీసిన గీత మీద కోయాలంటే, ఒళ్లు బల్ల అంచుకు ఆనించి ముందుకు వంగాలి. ఆ అంచు సరిగ్గా సర్పి లేచిన చోటే తగులుతుంది. అంచు దాకా ఎందుకు, ఒంటి మీద చొక్కా జరిగినా నిప్పు సెగ తగిలినట్టు ఉండేది. బట్టను నమ్ముకుని బతికినదాన్ని బట్ట తగిలితే గిలగిల్లాడిపోయాను. ఎవరి మీద కోప్పడాలో తెలియక అందరి మీదా కోప్పడ్డాను.

అలాంటి రోజుల్లోనే ఆస్పత్రి కోట్ల గుడ్డ వచ్చింది. ఆ గుడ్డకు మంచి వైపు, వెనక వైపు అని ఉంటాయి. పొరలు పరిచేటప్పుడు ఒకదాని మంచి వైపు పైకి ఉంటే, తర్వాతి దాని మంచి వైపు కిందికి ఉండాలి. అప్పుడే కోసిన ముక్కల్లో సగం కుడి వైపుకూ సగం ఎడమ వైపుకూ వస్తాయి. అలా తిప్పి పరచాలంటే ప్రతిసారీ చేయి పైకెత్తాలి. ఎత్తితే చొక్కా పక్కటెముకల మీద రాసుకుంటుంది. నాకు తెలియకుండానే నా చేయి పైకి లేవడం మానేసింది. అన్ని పొరలూ ఒకే వైపు పరిచి, గీసి, కోసేశాను. తీరా చూస్తే అన్నీ ఎడమ ముందుభాగాలే. కుడి చేయి లేని డాక్టర్ల కోసం ప్రత్యేకంగా కోసినట్టు ఉన్నాయి.

మిషన్ల మీద ఉన్నవాళ్లు నవ్వాపుకోలేకపోయారు. బావగారు నవ్వలేదు, అరవలేదు. అరిస్తే బాగుండేది, అరుపుకు అరుపు నా దగ్గర ఉంది. ఆయన ఆ ముక్కలన్నీ మడిచి పక్కన పెట్టి, నన్ను కూర్చోమని, జ్వరం వచ్చిన పిల్లకు చెప్పినట్టు మెల్లగా చెప్పారు.

“పొక్కులు పోయి ఎన్నాళ్లయిందమ్మా? డాక్టరు చూసినా ఏమీ కనపడలేదు. ఇదంతా నీ మనసులో ఉంది. కొన్నాళ్లు కౌంటర్లో కూర్చో, అదే సర్దుకుంటుంది.”

కౌంటర్ అంటే వచ్చినవాళ్లకు కుర్చీ చూపించి, ఫోను ఎత్తి, బావగారు ఇప్పుడే బయటికెళ్లారని చెప్పే ఉద్యోగం. కత్తెరకు వేరే మనిషిని చూస్తానన్నారు. అది వినగానే నాకు ఒళ్లు మండింది, సర్పి లేవని వైపు కూడా. కౌంటర్లో కూర్చోనని చెప్పేశాను. వాదించి, పోట్లాడి, చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. స్కూళ్లు తెరిచే ముందు యూనిఫారాల పని ముంచుకొస్తుంది. ఆ లోపల నేను బల్ల మీద వంగి కోయగలిగితే కత్తెర నాది. లేదంటే కొత్త మాస్టరు వస్తాడు. అప్పటిదాకా, మిషన్ ఎక్కించేముందు ముక్కలు కదలకుండా చేత్తో వేసే కచ్చా కుట్లు వేసుకుంటూ కూర్చుంటానన్నాను.

నొప్పి బిళ్లలు వాడలేదా అంటే వాడాను. అవి మింగితే నొప్పి కాస్త దూరం జరిగేది, దాంతో పాటు నేనూ జరిగిపోయేదాన్ని. మధ్యాహ్నం సూది పట్టుకునే తూగేదాన్ని. ఇలా కాదని పెద్దాస్పత్రిలో నొప్పుల విభాగానికి వెళ్లాను.

అక్కడి డాక్టరమ్మ చిన్న వయసుది, మొహానికి మించిన కళ్లద్దాలు పెట్టుకుంది. నొప్పి ఉందా అని అడగలేదు, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అని అడిగింది. దూది చుట్టిన పుల్లతో పక్కటెముకల మీద తాకుతూ, నేను ఉలిక్కిపడ్డ చోటల్లా పెన్నుతో చుక్క పెట్టి, చుక్కలు కలిపి గీసింది. నేను గుడ్డ మీద గీసినట్టే నా ఒంటి మీద గీసింది. ఆ గీత చూసి నాకు ఏడుపొచ్చింది. నా నొప్పికి ఒక ఆకారం ఉందని అంతవరకూ ఎవరూ ఒప్పుకోలేదు.

పొక్కులు పోయినా నరం చెడిందనీ, ఏమీ తగలకపోయినా అది ఊరికే అరుస్తోందనీ చెప్పింది. ఆమె దగ్గర ఒక క్రీము ఉందట. మిరపకాయలో మంట పుట్టించే సరుకును తీసి అందులో కలిపారట.

నేను నవ్వాను. పుండు మీద కారం చల్లడం అని మాట వరసకు అంటాం, మీరు చీటీ రాసి మరీ చల్లుతారా అన్నాను. ఆమె కూడా నవ్వి, విడమరిచి చెప్పింది. చర్మంలో మంటను మోసే నరాల కొసలు ఉంటాయి. ఈ సరుకు వాటిని పదే పదే రెచ్చగొడితే, కొన్ని వారాలకు అలిసిపోయి మొద్దుబారతాయి. అయితే అందరికీ కాదు. కొందరికి బాగా తగ్గుతుంది, చాలామందికి అంతంతమాత్రం, ఇంకొందరు మంటకు తట్టుకోలేక మొదట్లోనే మానేస్తారు. ఎంత బలమైన క్రీము ఎంతమందికి పనికొస్తుందో తేల్చడానికే పరీక్ష పెడుతున్నామంది. రెండు రకాల ట్యూబులు ఉంటాయి, ఒకటే అసలైన మందు. ఏది ఎవరికి వెళ్లిందో పరీక్ష అయ్యేదాకా ఆమెకూ తెలియదు.

“నాకెందుకు తెలియదు? మండితే అసలుది, మండకపోతే ఉత్తది,” అన్నాను.

ఆ సంగతి తామూ ఆలోచించామనీ, రెండింటిలోనూ ఎంతో కొంత మంట ఉండవచ్చనీ ఆమె స్పష్టంగానే చెప్పింది. ఆ మాట నా చెవిన పడింది గానీ బుర్రలోకి వెళ్లలేదు. నేను అప్పటికే సంతకం పెడుతున్నాను.

మొదటిసారి రాసుకున్నప్పుడు, అసలు మందు నాకే వచ్చిందని తేలిపోయింది. పక్కటెముకల మీద పొయ్యి వెలిగించినట్టు ఉంది. వీపు వైపు నా చేయి అందదు కాబట్టి మా ఆయన ప్లాస్టిక్ తొడుగు వేసుకుని, ఊదుకుంటూ, తనకే మండుతున్నట్టు మొహం పెట్టి రాసేవాడు. రోజంతా ఇస్త్రీ పెట్టె పట్టుకునే చేయి, అంత మెల్లగా కదులుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఒకసారి మర్చిపోయి వేడినీళ్లు పోసుకుంటే తల ప్రాణం తోకకొచ్చింది. మానెయ్ అన్నాడు. మానను అన్నాను. పంటి బిగువున భరించాను. ఎంత మండితే అంత మందు లోపలికి దిగుతోందని నా లెక్క.

చేతులు సబ్బుతో బాగానే కడుక్కునేదాన్ని. కానీ మిరప ఘాటు సబ్బుకు లొంగే రకం కాదు. మా బావగారికి సూదిలో దారం ఎక్కించేముందు కొసను పెదాల మధ్య పెట్టి తడిపే అలవాటు. దర్జీలందరికీ ఉండేదే. ఒకరోజు ఆయన నా దగ్గరికొచ్చి, నేను తెంపిన దారం నా చేతిలోంచే తీసుకుని, అలవాటుగా పెదాల మధ్య పెట్టుకున్నారు. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత పెదాలు తుడుచుకున్నారు. తర్వాత నీళ్లు తాగారు. నీళ్లతో అది ఇంకా పాకింది. కళ్ల వెంట నీళ్లు కారుతుంటే దారానికి ఏం పూశావమ్మా అని అడిగారు.

నేను చాలా మర్యాదగా చెప్పాను. “ఏమీ కనపడటం లేదే బావగారూ. మనసులో ఉందేమో. కాసేపు కౌంటర్లో కూర్చోండి.”

మిషన్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. మా ఆయన చేతిలో ఉన్న చొక్కా ఎత్తి దాని వెనక మొహం దాచుకున్నాడు.  సాయంత్రం బావగారు తమ్ముడితో, మందు ఘాటైనదేననీ నొప్పి సంగతి వేరేననీ అన్నారట. అప్పటి నుంచి నేను తొడుగులు వేసుకునే క్రీము ముట్టుకున్నాను.

ఆస్పత్రికి వెళ్లినప్పుడల్లా బయట బెంచీల మీద మాకు మేమే పరీక్ష పెట్టుకునేవాళ్లం. నీది ఎంత మండుతోంది, నాది ఎంత మండుతోంది అని. షుగరు వల్ల అరికాళ్లు మండే ఒక లారీ డ్రైవరు ఉండేవాడు. తనది చప్పగా ఉందని, ఉత్త ట్యూబు అంటగట్టారని దిగులుపడేవాడు. నీది అదృష్టమమ్మా అనేవాడు. నేను మొహమాటానికైనా కాదనలేదు.

వారాలు గడిచేకొద్దీ నొప్పి తగ్గింది. పూర్తిగా పోలేదు, కానీ చొక్కా చొక్కాలాగే తగలడం మొదలైంది. బల్ల అంచుకు ముందు మడిచిన గుడ్డ పెట్టి ఆనుకున్నాను, తర్వాత గుడ్డ తీసేశాను. యూనిఫారాల తానులు దిగే రోజుకు మధ్య గీత దాకా వంగి కోయగలిగాను. బావగారు కత్తెర తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లారు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆయన మిరప క్రీముకు ప్రచారకర్త అయిపోయారు. కొలతలకు వచ్చినవాళ్ల మోకాళ్లు, నడుములు, మెడలు, అన్నింటికీ అదే మందు చెప్పేవారు. మా తమ్ముడి భార్యకు తగ్గింది చూడండి అనేవారు. మందుకు తగ్గింది కాబట్టి అది జబ్బేనని ఆయన ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలు నాకు బాగానే ఉంది. కానీ మా దగ్గర గుండీలు కుట్టే ఆమెకు భుజం నొప్పి. ఆయన పోరు పడలేక ఏదో మిరప క్రీము కొనుక్కుని రాసుకుంది, తగ్గలేదు. ఆవిడకు తగ్గిందిగా నీకెందుకు తగ్గదు, నీది ఒట్టి బద్ధకం అని అందరి ముందూ అన్నారు. ఆమె తల దించుకుని గుండీ కుట్టుకుంది. నన్ను చూపించి ఇంకొకరిని మాటలతో కొడుతుంటే నాకు మింగుడుపడలేదు.

ఆ మర్నాడే ఆస్పత్రి నుంచి పిలుపు వచ్చింది. పరీక్ష ముగిసింది, ఎవరికి ఏ ట్యూబు వచ్చిందో చెబుతారట. మా ఆయన కూడా వచ్చాడు. డాక్టరమ్మ నా ఎదురుగా కూర్చుని, నీళ్లు నమలకుండా చెప్పేసింది.

“మీకు వచ్చింది అసలు మందు కాదండి. మండటానికి సరిపడా మిరప ఉంది, నరాన్ని మొద్దుబార్చడానికి సరిపోదు.”

 ఇన్నాళ్లూ పళ్లు బిగపట్టుకుని భరించింది ఉత్త మంటా అనిపించింది. సిగ్గేసింది, వెంటనే కోపమొచ్చింది. నన్ను మోసం చేశారన్నాను. మొదటే చెప్పానండి అంది ఆమె. చెప్పింది, నిజమే. మరి ఎందుకు తగ్గిందని అడిగాను.

“నిజం చెప్పాలంటే నాకు తెలియదు,” అంది.

ఇలాంటి నొప్పి కొందరికి కాలం గడిస్తే దానంతటదే నెమ్మదిస్తుందట. రోజూ ఒక చేయి శ్రద్ధగా రాయడం వల్ల కావచ్చు, తగ్గుతుందన్న నమ్మకం వల్ల కావచ్చు, ఆ కాస్త మిరప కూడా కొంత చేసి ఉండవచ్చు. ఒక్క మనిషిని పట్టుకుని ఇది ఇందువల్లేనని విడదీసి చెప్పలేనంది. అందుకే అంతమందిని కలిపి చూస్తారట. అలా చూస్తే బలమైన క్రీముకు కొంత మేలు కనపడిందట, కానీ ఆమె ఆశించినంత కాదు. మంటకు భయపడి మానేసినవాళ్లు ఎక్కువైపోయారట. ఈ పరీక్ష కోసం ఆమె ఏళ్ల తరబడి తిరిగిందని నర్సులు చెప్పగా విన్నాను. అయినా ఉన్నదున్నట్టే రాస్తానంది. లేచేముందు ఒక మాట మాత్రం గట్టిగా చెప్పింది, నా నొప్పి అబద్ధమని దీన్నిబట్టి ఎవరూ అనడానికి వీల్లేదని. కావాలంటే బలమైన క్రీము ఇప్పుడు నాకు ఇస్తానంది. ఆలోచించుకుని చెబుతానన్నాను.

బయట లారీ డ్రైవరు గోడకు ఆనుకుని నవ్వుతున్నాడు. అసలు మందు తనకు వచ్చిందట. అరికాళ్లు మాత్రం ఎప్పటిలాగే మండుతున్నాయట. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వాం. అందులో సంతోషం పెద్దగా లేదు.

 తిరిగి వచ్చేటప్పుడు మా ఆయన షాపు వీధి మలుపులో ఆగి, అన్నయ్యకు చెప్పకు అన్నాడు. అసలు మందే అని చెబితే ఎవరికి నష్టం, కత్తెర నీ చేతిలో ఉంటుంది అన్నాడు. నా మేలు కోరే అన్నాడు. నేనూ ఆలోచించాను. ఒక అబద్ధం, అదీ ఎవరూ పట్టుకోలేనిది. కానీ నేను అబద్ధమాడితే నా నొప్పి పరువు ఆ ట్యూబు చేతిలో ఉంటుంది. రేపు నొప్పి తిరగబెడితే, మందు పనిచేసిందిగా మళ్లీ ఏమిటంటారు. గుండీలు కుట్టే ఆమె తల ఎత్తే దారే ఉండదు. చెబుతాను అన్నాను. మొండిఘటం అన్నాడు, ఈసారి ఏ రకంగా అన్నాడో తెలియలేదు.

షాపులో అందరూ ఉన్నారు. బావగారు బల్ల దగ్గర గుడ్డ తాను విప్పుతూ, ఏమన్నారమ్మా అసలు మందేగా అని అడిగారు. కాదు బావగారూ, నాది ఉత్త ట్యూబు అన్నాను. మిషన్ల చప్పుడును మించి వినపడేలా అన్నాను.

ఆయన చేతిలో గుడ్డ ఆగింది. మొహంలో కోపం లేదు. చాలాకాలంగా తప్పిపోయిన వస్తువు దొరికినట్టు తేలికపడ్డారు.

“మరి నేను మొదట్నుంచీ చెప్పిందేమిటి? ఉత్త క్రీముకు తగ్గిందంటే అది మనసులోదేగా. లేనిపోని నొప్పితో ఇంతమందిని తిప్పలు పెట్టావు.”

ఇస్త్రీ బల్ల దగ్గర మా ఆయన పెట్టె పక్కన పెట్టేశాడు. అన్నయ్యా అన్నాడు, తర్వాత మాట దొరకలేదు. నాకు దొరికింది.

“లేని నొప్పి తగ్గదు బావగారూ. తగ్గిందంటే ఉన్నట్టేగా. ఉన్నప్పుడు మీకు కనపడలేదు, తగ్గినప్పుడు మాత్రం కనపడింది. అది ఎందుకు తగ్గిందో డాక్టరమ్మకే తెలియదంట, ఆమె ఒప్పుకుంది. మీకు తెలియదని మీరెందుకు ఒప్పుకోరు?”

ఆయన ఏదో అనబోయారు. నేను ఆగలేదు. గుండీలు కుట్టే ఈమెకు నాలాగా తగ్గకపోతే అది ఈమె తప్పు కాదని, నాకు తగ్గడం నా గొప్పా కాదని చెప్పాను. ఇక మీదట నన్ను చూపించి ఎవరినీ ఏమీ అనవద్దన్నాను. నొప్పి రేపు మళ్లీ పెరగవచ్చు, పెరిగిన రోజు పెరిగిందనే చెబుతాను, ఆ రోజు బల్ల అంచుకు గుడ్డ మడిచి పెట్టుకుని మెల్లగా కోస్తాను, కౌంటర్లో మాత్రం కూర్చోను అన్నాను.  

గుండీలు కుట్టే ఆమె సూది కింద పెట్టి, నా భుజం ఇంకా నొప్పిగానే ఉందయ్యా అంది, ఎవరూ అడగకుండానే. మిషన్ మీద ఉన్న ఇంకొకామె తన మెడ సంగతి చెప్పింది. బావగారు వాళ్లిద్దరినీ చూశారు. తమ్ముణ్ని చూశారు. తర్వాత చాలాసేపు చేతిలో ఉన్న గుడ్డను, దాని మంచి వైపూ వెనక వైపూ తిప్పి చూసుకున్నారు.  కత్తెర అడుగుతారేమో అనుకున్నాను. అడిగితే ఇవ్వకూడదనీ అనుకున్నాను.

ఆయన కత్తెర అడగలేదు. పొక్కులు పోయాక ఒక్కసారి కూడా నన్ను అడగని మాట అడిగారు.

“ఇప్పుడు నొప్పిగా ఉందా అమ్మా?”

“ఉంది,” అన్నాను. “గుడ్డ ఇలా ఇవ్వండి.”